టచ్‌ప్యాడ్‌కి పిచ్చెక్కితే తప్పెవరిది: వేలిదా, చార్జర్‌దా, గోడదా?

పోయిన ఎండాకాలం హన్మకొండలో మేం అద్దెకుండే ఇంట్లో నా ల్యాప్‌టాప్‌కి ఒక వింత రోగం పట్టుకుంది. ఎక్సెల్‌లో ఒక గడి మీద ఆగుదామంటే కర్సర్ పక్క గడిలోకి దూకేది. ఫైలు మూయబోతే పేజీ పెద్దదయ్యేది. వేలు ఆనించి కదపకుండా ఉంచినా బాణం గుర్తు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. చౌరస్తా దగ్గర ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్తే, అక్కడి అబ్బాయి పది నిమిషాలు వేలు అటూ ఇటూ తిప్పి "మంచిగనే ఉంది కద సార్" అన్నాడు. నిజమే, అక్కడ మంచిగానే ఉంది. ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టగానే మళ్లీ మొదలు. రెండోసారి తీసుకెళ్తే "టచ్‌ప్యాడ్ పోయినట్టుంది, మార్చాలె, రెండున్నర వేలైతది" అన్నాడు. అందులో ఏం పోయిందని అడిగితే మాత్రం జవాబు లేదు.

ఇలాంటి గోడు ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక పాత ల్యాప్‌టాప్‌లను విండోస్ 11కి మార్చుకున్నవాళ్లు "అప్‌డేట్ చేశాకే చెడింది" అంటున్నారు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "ఎర్తింగ్ లేదు" అంటాడు. కంప్యూటర్ తెలిసిన తమ్ముడు "డ్రైవర్ ప్రాబ్లం" అంటాడు. దుకాణంలో "డూప్లికేట్ చార్జర్ వాడారా?" అని అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్లకి హ్యాకింగ్ అని టెన్షన్. ఈ ఐదుగురూ ఏదో ఒక రోజు కరెక్టే. ఎవరు ఎప్పుడు కరెక్టో తెలియాలంటే ముందు ఆ పలక లోపల జరిగేదేమిటో చూడాలి.

నొక్కుడుతో పనిలేని పలక

గోటి కొసతో టచ్‌ప్యాడ్ మీద గీసి చూడండి. పెన్ను ప్లాస్టిక్ మూతతో రుద్ది చూడండి. కర్సర్ కదలదు. వేలి కండ తగిలితేనే కదులుతుంది. క్లిక్ సంగతి వేరు: చాలా ల్యాప్‌టాప్‌లలో పలక పై అంచు బందు వేసినట్టు బిగిసి ఉంటుంది, కింది అంచు నొక్కితే అడుగునున్న చిన్న స్విచ్ టక్కుమంటుంది. అది మామూలు యాంత్రికమైన పని. కర్సర్‌ని కదిపే పని అంతా విద్యుత్తుది.

పై పొర కింద సన్నటి లోహపు గీతలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని ఉంటాయి. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాకి పడుగూ పేకా వేసినట్టే. పడుగు గీతకి చిన్న విద్యుత్ సంకేతం పంపి, పేక గీత దగ్గర ఎంత అందిందో కొలుస్తారు. గీతలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా కొంత విద్యుత్తు నిలవ ఉంటుంది. ఈ నిలవ ఉంచుకునే గుణం పేరే కెపాసిటెన్స్. మన ఒళ్లు నీళ్లూ ఉప్పూ కలిసిన వాహకం కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ నిలవలో కొంత వేలి వైపు మళ్లుతుంది. అక్కడ కొలత తగ్గుతుంది. ఇలా సెకనుకు వందసార్లకు పైగా అన్ని కూడళ్లనూ కొలిచి, ఎక్కడ ఎంత తగ్గిందో చూసి, "వేలు ఇక్కడుంది" అని తేల్చేది లోపలుండే చిన్న చిప్పు. దాన్ని కంట్రోలర్ అంటారు.

ఈ రంగంలో పేరుమోసిన సినాప్టిక్స్ కంపెనీని 1986లో పెట్టినవాళ్లు ఫెడెరికో ఫాగిన్, కార్వర్ మీడ్. ఫాగిన్ అంటే ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్‌ని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు. మెదడులోని నాడులను అనుకరించే చిప్పులు చేద్దామని బయల్దేరి చివరికి మన వేళ్ల కిందికి చేరారు. 1994లో యాపిల్ పవర్‌బుక్ 500 వరసలో ఇలాంటి పలక వచ్చాక, అంతకుముందు ల్యాప్‌టాప్‌ల మీద ఉండే గుండ్రటి బంతులు నెమ్మదిగా మాయమయ్యాయి.

మిల్లీమీటరు లోపు తప్పు, తెరమీద పెద్ద గెంతు

కంట్రోలర్ చేసేది సగటు లెక్క. ఒక ఉదాహరణ చూద్దాం. పక్కపక్కనే మూడు గీతలున్నాయి, వాటి మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. అంటే అవి 0, 5, 10 దగ్గర ఉన్నాయి. వేలు సరిగ్గా మధ్య గీత మీద ఉంది. కొలతలో తగ్గుదల వరసగా 20, 60, 20 అనుకుందాం. ఒక్కో స్థానాన్నీ దాని తగ్గుదలతో గుణించి కూడితే 0 + 300 + 200, మొత్తం 500. తగ్గుదలల మొత్తం 100. భాగిస్తే 5. వేలు 5 దగ్గరుంది. సరిపోయింది.

ఇప్పుడు ఎక్కడినుంచో వచ్చిన విద్యుత్ గోల (ఇంగ్లీషులో నాయిస్) వల్ల మూడో గీత 20కి బదులు 40 చూపించింది. వేలు కదల్లేదు. లెక్క మాత్రం 0 + 300 + 400, మొత్తం 700. దాన్ని 120తో భాగిస్తే 5.83. కంట్రోలర్ దృష్టిలో వేలు 0.83 మిల్లీమీటర్లు జరిగింది. ప్యాడ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, తెర వెడల్పు 1920 చుక్కలు అనుకుని నేరుగా పోలిస్తే, ఆ జరుగుడు తెరమీద 16 చుక్కలు. తెరమీది విండోని మూసే గుర్తుకీ దాని పక్కనున్న గుర్తుకీ మధ్య గురి తప్పడానికి ఆ మాత్రం చాలు. మరుక్షణం గోల ఇంకో గీత మీద పడితే కర్సర్ వెనక్కి వస్తుంది. మన కంటికి అది వణుకు.

తడి ఇంకో రకం చిక్కు తెస్తుంది. మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు అరచేతి చెమట ప్యాడ్ అంచు దాకా పాకిందంటే, ఆ తడి మన ఒంట్లో భాగమైపోతుంది. కంట్రోలర్ దాన్ని రెండో వేలు అనుకుంటుంది. రెండు వేళ్లు దూరం జరిగితే పేజీ పెద్దదవ్వాలి అన్నది నియమం కాబట్టి పేజీ పెద్దదవుతుంది. కొబ్బరినూనె చేతులకీ, కడిగి సరిగ్గా తుడవని చేతులకీ ఇదే కథ. పొడిగుడ్డతో తుడిస్తే పోయే జబ్బుకి కొందరు విండోసే మార్పించుకున్నారంటే నేను నమ్ముతాను.

"చెడింది" అనే ఒక్క మాటలో చాలా జబ్బులు

డాక్టరు దగ్గర "ఒంట్లో బాగాలేదు" అంటే సరిపోనట్టే ఇక్కడ "టచ్‌ప్యాడ్ చెడింది" అంటే సరిపోదు. వేలు ఉన్నంతసేపూ వణకడం ఒకటి. ఉన్నట్టుండి దూరంగా దూకడం ఒకటి. ఎవరూ తాకకుండానే ఒకే దిక్కుకి జారుకుంటూ పోవడం ఇంకొకటి. వేలు కదిపిన అరసెకనుకి కర్సర్ రావడం, ఆగి ఆగి రావడం మరొకటి. దానంతట అదే క్లిక్ పడటం, లేదా క్లిక్ గట్టిపడి దిగకపోవడం వీటన్నిటికీ వేరు.

ఆగి ఆగి రావడానికి తరచూ టచ్‌ప్యాడ్‌తో సంబంధమే ఉండదు. పాత హార్డ్‌డిస్కు నూరు శాతం బిజీగా ఉండి సిస్టమ్ మొత్తం ఆయాసపడుతుంటే కర్సర్ కూడా ఆయాసపడుతుంది. ఒక మామూలు తీగ మౌస్ పెట్టినా అలాగే ఆగి ఆగి వస్తుంటే పలక నిర్దోషి. వణుకు అలా కాదు. మౌస్ పెడితే హాయిగా తిరుగుతూ, ప్యాడ్ మీద వేలు పెడితేనే కర్సర్ వణుకుతోందంటే గొడవ ప్యాడ్‌కీ, వేలికీ, ఆ రెంటినీ కలిపే విద్యుత్ దారికీ మధ్య ఉంది.

నా అనుభవంలో "ఏమవుతోంది" కంటే ఎక్కువ చెప్పే ప్రశ్న "ఎప్పుడవుతోంది". చార్జింగ్‌లో ఉన్నప్పుడేనా? ఒక గదిలోనేనా? పొద్దున బాగుండి, వేడెక్కాకనా? దుకాణంలో పది నిమిషాల పరీక్షకి ఈ "ఎప్పుడు" దొరకదు. నా ల్యాప్‌టాప్‌ని ఆ అబ్బాయి చూసింది బ్యాటరీ మీద.

చార్జర్ పెడితేనే వచ్చే వణుకు: మూడో పిన్ను కథ

గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ల్యాప్‌టాప్‌కి కావాల్సిన 19, 20 వోల్టుల డీసీగా మార్చడానికి చార్జర్ కరెంటును సెకనుకు పదులవేల నుంచి లక్షలసార్లు ఆపి వదులుతుంటుంది. అంత వేగంగా ఆపి వదిలే చోట విద్యుత్ గోల పుట్టక తప్పదు. దాన్ని మళ్లించడానికి మూడు పిన్నుల చార్జర్‌లో వై కెపాసిటర్లు అనే చిన్న బిళ్లలు పెడతారు: ఫేజ్ నుంచి ఎర్త్‌కి ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒకటి. గోల వాటి గుండా మూడో పిన్నుకి తగిలే ఎర్త్ తీగలోకి, అక్కడ్నుంచి నేలలోకి దిగిపోతుంది.

ఆ ఎర్త్ తీగ లేకపోతే? రెండు సమానమైన కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వరసగా నిలబడ్డట్టు అవుతుంది. వాటి నడిమి బిందువు 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. చాలా మూడు పిన్నుల చార్జర్లలో ఆ బిందువుకే ల్యాప్‌టాప్ లోహపు ఒళ్లు కలిసి ఉంటుంది. చెప్పుల్లేకుండా గచ్చు మీద కూర్చుని అంచు మీద చెయ్యి రాస్తే జుమ్మనేది ఇందుకే.

115 వోల్టులనగానే గుండె గుభేలుమంటుంది కానీ కరెంటు లెక్క చూడండి. కెపాసిటర్ విలువ 2.2 నానోఫారడ్లు అనుకుంటే, గోడ కరెంటు ఊగే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు) దగ్గర అది మనకి వదలగలిగేది 0.16 మిల్లీయాంపు. ఇళ్లలో షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ మీట పడేది సాధారణంగా 30 మిల్లీయాంపులకి. దాంట్లో ఇది 190వ వంతు. చర్మం పైపైన జివ్వుమంటుంది, అంతే. అయితే ఈ మాట సరైన చార్జర్‌కే వర్తిస్తుంది. లోపల ఇన్సులేషన్ పాడైన చార్జర్‌కి ఈ లెక్క చెప్పి ధైర్యం తెచ్చుకోకూడదు.

రెండు పిన్నుల చార్జర్లలో ఏర్పాటు వేరు. అక్కడ ఎర్త్ అసలు ఉండదు, లోపల గోడ కరెంటు వైపునీ ల్యాప్‌టాప్ వైపునీ కలుపుతూ ఒక వై కెపాసిటర్ ఉంటుంది. ఫలితం మాత్రం ఇంచుమించు అదే: ల్యాప్‌టాప్ నేలతో సంబంధం లేకుండా తేలుతుంటుంది.

దీనికీ టచ్‌ప్యాడ్‌కీ ఏం సంబంధం? గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుని చూస్తే బయట తుమ్మచెట్టు ఊగుతున్నట్టు ఉంటుంది. ఊగేది బస్సు. ఇక్కడ ల్యాప్‌టాప్ మొత్తం బస్సు. చార్జర్ గోల దాన్ని సెకనుకు లక్షసార్లు పైకీ కిందికీ కుదుపుతోంది. మన ఒళ్లు మాత్రం నేలకి ఆనుకుని ఉన్న చెట్టు. లోపల కూర్చున్న కంట్రోలర్‌కి కుదుపు తనది అని తెలియదు, వేలే ఊగుతోందనుకుంటుంది. వేలు తీసేస్తే వణుకు ఆగేది కూడా ఇందుకే: చూడ్డానికి చెట్టే లేదు.

దీన్ని నిరూపించే ప్రయోగం మా ఇంట్లోనే అనుకోకుండా జరిగింది. కుడి వేలితో ప్యాడ్ వాడుతూ ఎడమ అరచేతిని ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద ఆనించాను. కర్సర్ తక్షణం నెమ్మదించింది. చెట్టుని కూడా బస్సెక్కించినట్టయింది. ఇద్దరూ కలిసే ఊగుతున్నారు కాబట్టి తేడా కనబడదు. చార్జర్ పీకేస్తే పూర్తిగా ఆగిపోయింది. పూర్తిగా ప్లాస్టిక్ ఒళ్లున్న ల్యాప్‌టాప్‌లో ఎడమ చేతి ప్రయోగం పనిచేయకపోవచ్చు, చార్జర్ పీకే ప్రయోగం మాత్రం చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. జుమ్మనడం 50 హెర్ట్జ్ వ్యవహారం. టచ్‌ప్యాడ్‌ని చెదరగొట్టేది అంతకంటే వేల రెట్లు వేగంగా ఊగే గోల. జుమ్మంటోందంటే ఎర్త్ లేదని అనుమానించవచ్చు కానీ, ఎక్కువ జుమ్మంటే ఎక్కువ వణకాలని లేదు. ఒకే గదిలో, ఒకే బోర్డు మీద అక్క ల్యాప్‌టాప్ నిక్షేపంగా పనిచేసి తమ్ముడిది వణకడానికి కారణం కూడా అదే. మంచి కంట్రోలర్ గోల ఎక్కువున్న ఫ్రీక్వెన్సీని వదిలి పక్క ఫ్రీక్వెన్సీకి మారి కొలుస్తుంది. చౌకది అక్కడే కూర్చుని తిప్పలు పడుతుంది.

ఎండకి ఎర్తింగ్ గుంత ఎండిపోతే అవుతుందా?

మా ఇంటి ఓనరు పెద్దాయన మొదటి సలహా: "ఎండలకి గుంత ఎండింది బిడ్డా, రెండు బకెట్లు నీళ్లు పొయ్యి." మన వైపు ఎండాకాలంలో ఈ మాట ఇంటింటా వింటాం. ఎర్తింగ్ గుంతలో బొగ్గూ ఉప్పూ వేసేది, నీళ్లు పోసేది మట్టి నిరోధం తగ్గడానికే. నీళ్లు త్వరగా జారిపోయే ఎర్ర చెల్క నేలలో మే నెలకి ఆ నిరోధం బాగా పెరుగుతుంది. ఇందులో అబద్ధం లేదు.

కానీ ల్యాప్‌టాప్ తేలడం వరకు లెక్క వేయండి. గుంత ఎండి నిరోధం 1000 ఓములకి పోయిందనుకుందాం. అది చాలా చెడ్డ ఎర్తింగ్. దాని గుండా చార్జర్ వదిలే 0.16 మిల్లీయాంపు పోతే పుట్టే వోల్టేజీ ఎంత? 0.16 వోల్టు. 115 కాదు, ఒక వోల్టులో ఆరో వంతు. అంటే ఎండిన గుంత కూడా ల్యాప్‌టాప్‌ని నేలకి కట్టిపడేయడానికి సరిపోతుంది. ల్యాప్‌టాప్ తేలుతోందంటే తీగ ఎక్కడో తెగిందనో, అసలు లేదనో అనుకోవడమే న్యాయం. నేను రెండు బకెట్లకి నాలుగు బకెట్లు పోశాను. కర్సర్ వణుకు అలాగే ఉంది.

మరి ఎలక్ట్రీషియన్లు ఎర్తింగ్ గుంత మీద అంత పట్టు పట్టేది ఊరికేనా? కాదు. వాళ్ల భయం వేరే. అదే ఇంట్లో కూలర్ మోటారు తడిసి ఎర్త్‌లోకి 20 మిల్లీయాంపులు కారుతోందనుకోండి. 1000 ఓముల గుంతలో అది 20 వోల్టులు పుట్టిస్తుంది. ఇంట్లో ఎర్త్ పిన్నులన్నీ ఒకే తీగకి కలిసి ఉంటాయి కాబట్టి కూలర్ రోగం ల్యాప్‌టాప్‌కీ, ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ పాకుతుంది. ఆర్‌సీసీబీ ఉన్నా 20కి పడకపోవచ్చు. కూలర్ వేసినప్పుడే ల్యాప్‌టాప్ జుమ్మంటుంటే అది టచ్‌ప్యాడ్ సమస్య కానేకాదు, ముందు కూలర్ ప్లగ్గు పీకాల్సిన సమస్య. రేకు కూలర్లు ప్రాణాలు తీసిన వార్తలు ప్రతి వేసవిలో పేపర్లో చూస్తూనే ఉంటాం.

ఎర్త్ పిన్ను ఎన్ని రకాలుగా ఉత్తదవుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పాత అద్దె గదుల్లో రెండు రంధ్రాల సాకెట్లే ఉంటాయి, పిల్లలు మూడు పిన్నుల ప్లగ్గుకి కన్వర్టర్ తగిలిస్తారు. కొందరు లావు పిన్ను విరగ్గొట్టేస్తారు. చౌక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో పైకి మూడో రంధ్రం ఉంటుంది, లోపల తీగ రెండు పోగులదే. మన ప్లగ్గులో ఎర్త్ పిన్నుని మిగతా రెండిటికంటే పొడుగ్గా చేసింది అది అన్నిటికంటే ముందు తగిలి అన్నిటికంటే చివర విడిపోవాలని. అంత ఆలోచించి చేసిన పిన్నుకి వెనక గోడలో ఏమీ ఉండదు.

ఇంకో అడ్డదారి కూడా ఉంది: సాకెట్ వెనకాల న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేయడం. వణుకూ జుమ్మనడం రెండూ మాయమవుతాయి, అందరూ సంతోషిస్తారు. ఏదో ఒక రోజు స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడితే అలా కలిపిన ఎర్త్ పిన్నుకి తగిలిన ప్రతి లోహపు వస్తువుకీ పూర్తి 230 వోల్టులు రావచ్చు. ఈసారి కెపాసిటర్ అడ్డం ఉండదు. ఇది మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

డూప్లికేట్ చార్జర్ మీద వాదన

"ఒరిజినల్ చార్జర్ కొంటే పోతది" అనేవాళ్ల మాటలో నిజం ఉంది. చౌక చార్జర్‌లో ఖర్చు తగ్గించడానికి మొదట ఎగిరిపోయేవి గోలని వడకట్టే భాగాలే. దాన్ని తీసి కంపెనీది పెట్టగానే వణుకు ఆగిపోయిన సందర్భాలు మామూలే. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడటం అందుకే మంచిది.

కానీ ఒరిజినల్ చార్జర్ కూడా ఎర్త్ లేని బోర్డులో పెడితే వణికిస్తుంది. నాది కంపెనీదే. తమాషా ఏంటంటే, గోల బాగా వడకట్టే చార్జర్‌లో వై కెపాసిటర్ కాస్త పెద్దదై ఉంటే, ఎర్త్ లేనప్పుడు అది ఎక్కువ జుమ్మంటుంది. కాబట్టి "షాక్ కొడుతోంది, ఇది డూప్లికేట్" అనే తీర్పు కొన్నిసార్లు తలకిందులు. అదే చార్జర్‌ని ఎర్తింగ్ బాగుందని తెలిసిన ఇంకో చోట, ఆఫీసులోనో కాలేజీ ల్యాబ్‌లోనో పెట్టి చూస్తే వాదన తేలిపోతుంది. అక్కడా వణికితే చార్జర్. అక్కడ ఆగితే గోడ.

ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే వస్తే మూడో అనుమానితుడు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు కరెంటుని నున్నటి అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఇస్తాయి. ఫ్యాను గుయ్యిమనేది ఆ మెట్ల వల్లే, టచ్‌ప్యాడ్ బెదిరేదీ వాటి వల్లే.

కింద నుంచి నెట్టే బ్యాటరీ

కరీంనగర్ వైపు మీసేవ కేంద్రం నడిపే మా బావమరిది ల్యాప్‌టాప్‌ది వేరే కథ. ఐదేళ్ల పాతది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చార్జింగ్‌లోనే. "బావా, క్లిక్ దానంతట అదే పడుతుంది, వైరస్ అంటున్నరు" అని ఫోన్ చేశాడు. అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేయించాడు. చార్జర్ పీకినా అంతే, ఇంటికి తెచ్చినా అంతే.

ఈ కాలపు పలచటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ సాధారణంగా అరచేతులు ఆనే భాగం కింద, టచ్‌ప్యాడ్‌కి ఆనుకుని ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ ముసలిదయ్యే కొద్దీ లోపలి ద్రవం నెమ్మదిగా విరిగి వాయువులు పుడతాయి. మెత్తటి సంచి లాంటి దాని పొర ఉబ్బుతుంది. వేడి దీన్ని తొందరపెడుతుంది, ఎప్పుడూ నూరు శాతం చార్జ్‌లో ఉంచడమూ తొందరపెడుతుంది. రేకుల షెడ్డులో, మే నెల ఎండలో, రోజంతా నూరు శాతం మీద అంటే రెండూ కలిశాయి. ఉబ్బిన సంచి పలకని కింద నుంచి నెడితే అడుగునున్న స్విచ్ సగం నొక్కుకునే ఉంటుంది. మణికట్టు ఆనినా క్లిక్ పడుతుంది. ఇంకా ఉబ్బితే స్విచ్ దిగడానికి చోటు లేక క్లిక్ రాయిలా గట్టిపడుతుంది. ఫార్మాట్ చేస్తే సంచి చప్పబడదు కదా.

పిల్లల స్టీలు స్కేలు ఒకటి అరచేతుల భాగం మీద అడ్డంగా నిలబెట్టి చూడమన్నాను. స్కేలు ప్యాడ్ మధ్యలో ఆనుకుని, రెండు చివర్ల కింద వెలుతురు కనబడింది. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోంది కూడా. ఆ స్థితిలో చార్జింగ్ పెట్టడం, నొక్కి సరిచేయడం, గుచ్చడం అన్నీ అగ్నితో ఆటలే. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయడానికీ లేదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవి వెనక్కి తీసుకునే బాధ్యతని తయారీదార్ల మీద పెట్టాయి.

"నిండగానే చార్జర్ పీకేయాలా, ఉంచేయవచ్చా" అన్న పాత తగువు ఇక్కడ మళ్లీ వస్తుంది. ఉంచితే పేలుతుందనేవాళ్లు అతి చేస్తున్నారు, నిండాక ల్యాప్‌టాప్ చార్జింగ్ ఆపేస్తుంది. ఏమీ కాదనేవాళ్లూ పూర్తిగా కరెక్టు కాదు, నిండు వోల్టేజీ దగ్గర గంటల తరబడి ఉండటమే సెల్లుకి శ్రమ. అందుకే చాలా కంపెనీలు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తున్నాయి. బల్ల మీదే ఉండే ల్యాప్‌టాప్‌కి అది ఉపయోగమని నా అభిప్రాయం. ఊళ్లు తిరిగేవాళ్లకి ఆ 20 శాతం కావాలి.

అప్‌డేట్ మీద పడే నింద

డ్రైవర్ అంటే టచ్‌ప్యాడ్ చెప్పేదాన్ని విండోస్‌కి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం. ఒకప్పుడు ఒక్కో కంపెనీకి సొంత డ్రైవర్, సొంత సెట్టింగులు ఉండేవి. 2013లో విండోస్ 8.1తో మైక్రోసాఫ్ట్ ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చింది. పాత పద్ధతి ల్యాప్‌టాప్‌కి కొత్త విండోస్ ఎక్కించినప్పుడు కంపెనీ డ్రైవర్ పోయి సాధారణ డ్రైవర్ వచ్చి కూర్చుంటే రెండు వేళ్ల స్క్రోల్ పోవడం, అరచేతి తాకిడిని పట్టించుకోకుండా వదిలేసే తెలివి పోవడం నిజంగా జరుగుతాయి. టైపు చేస్తుంటే కర్సర్ పై పేరాలోకి దూకితే సాధారణంగా అరచేయే కారణం. సెట్టింగ్స్‌లో ప్యాడ్ సున్నితత్వం ఒక మెట్టు తగ్గిస్తే అది కుదురుకోవచ్చు.

అయితే "అప్‌డేట్ తర్వాతే వచ్చింది" అనే సాక్ష్యాన్ని కాస్త వడకట్టాలి. అప్‌గ్రేడ్ గంటల పని, చార్జర్ పెట్టే చేస్తారు. అయ్యాక కూడా చార్జర్ తీయకుండానే కొత్త విండోస్‌లో వేలు తిప్పి చూస్తారు. అంతకుముందు బ్యాటరీ మీద వాడే మనిషికి ఎర్త్ లేని వణుకు మొదటిసారి కనబడేది ఆ రోజే.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ అంటే పూర్తి ఆపు కాదు. డ్రైవర్ల స్థితితో సహా కొంత డిస్కులో దాచి మళ్లీ తెస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. "పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశా, పోలేదు" అన్నవాళ్లకి ఒక్క రీస్టార్ట్‌తో పోవడం నేను చూశాను.

విండోస్‌ని పూర్తిగా పక్కనపెట్టి చూసే దారి కూడా ఉంది. పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిచే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్యాడ్ పరీక్షిస్తే, అక్కడా వణికితే విండోస్‌కి క్లీన్ చిట్. అక్కడ బాగుంటే డ్రైవర్ మీద అనుమానం బలపడుతుంది. అసలు పనిచేయకపోతే మాత్రం ఏమీ తేలనట్టే, ఆ ప్యాడ్ లినక్స్‌కి తెలియకపోయి ఉండవచ్చు.

ప్యాడ్‌ని ముట్టుకోని దొంగలు

తెరమీద కూడా తాకే రకం ల్యాప్‌టాప్ అయితే, తెర అంచున పగులో తడో ఉండి అక్కడ ఊహా వేళ్లు పుట్టి కర్సర్ ఎగరొచ్చు. టచ్‌స్క్రీన్‌ని డివైస్ మేనేజర్‌లో ఆపి చూస్తే తెలిసిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా దొరికే థింక్‌ప్యాడ్‌ల కీబోర్డు మధ్య ఎర్ర బుడిపె ఉంటుంది. అది ఒక్కోసారి తనంతట తాను కర్సర్‌ని ఒక దిక్కుకి జార్చి, చేతులు తీసేసి కాసేపు వదిలేస్తే తనే సర్దుకుంటుంది. బ్యాగులో మూసి పెట్టిన బ్లూటూత్ మౌస్ ఆన్‌లోనే ఉండి, బ్యాగు కదిలినప్పుడల్లా కర్సర్ కదిలించిన ఉదంతం మా ఇంట్లోనే ఉంది.

హ్యాకింగ్ భయం గురించి ఒక మాట. విద్యుత్ గోలకి ఉద్దేశం ఉండదు, వణుకుతుంది, దూకుతుంది. కర్సర్ నిదానంగా వెళ్లి బ్రౌజర్ తెరిచి, బ్యాంకు పేజీ వెతుకుతుంటే దానికి ఉద్దేశం ఉన్నట్టే. ఎవరో ఫోన్ చేసి ఏదైనా రిమోట్ యాప్ పెట్టించి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపాలి, డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

మా ఇంట్లో చివరికి తేలింది

నాలుగు బకెట్ల నీళ్లకి లొంగలేదని ఓనరు పెద్దాయన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. అతను మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పాడు. మూడో పిన్ను వెనక స్క్రూ ఖాళీ. ఆకుపచ్చ తీగ గొట్టంలోంచి బోర్డు దాకా వచ్చింది, కొస కత్తిరించి మడిచి వెనక్కి తోసి ఉంది. పెయింటింగ్ చేసినప్పుడో, ఏసీ పాయింటు లాగినప్పుడో ఎవరో కలపడం మరిచారు. "ఎన్నేండ్ల నుంచి ఇట్లనే ఉందో" అని అతను కొస చెక్కి బిగించాడు. ఐదు నిమిషాల పని.

చార్జర్ పెట్టి వేలు ఆనించాను. కర్సర్ కదల్లేదు. ఎక్సెల్ గడిలో పెడితే గడిలోనే ఉంది. రెండున్నర వేలు మిగిలాయని ఇంట్లో ప్రకటించి టీ పెట్టమన్నాను.

ఫైలు సేవ్ చేద్దామని ప్యాడ్ ఎడమ మూల నొక్కితే క్లిక్ దిగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే దిగింది. వణుకు గోలలో ఇన్నాళ్లూ దీన్ని నేను పట్టించుకోలేదు. పాప బ్యాగులోంచి స్టీలు స్కేలు తీసి అడ్డంగా పెట్టి వంగి చూశాను. రెండు చివర్ల కిందా సన్నగా వెలుతురు.